బందరు ఎవరి మాట?

డిగ్రీ చదివిన ఊరికి ఇరవై మూడేళ్ల తర్వాత వెళ్లాం. కోనేరు సెంటర్లో పాత మిత్రులు కలిశారు. "ఏరా సాయిబూ, ఇన్నాళ్లకి గుర్తొచ్చామా?" అంటూ ఒకడు వాటేసుకున్నాడు. ఆ పిలుపు మమ్మల్ని ఎప్పుడూ నొప్పించలేదు. లడ్డూ, టీ అయ్యాక ఇంకొకడు నవ్వుతూనే అడిగాడు: "ఇంతకీ మీవాళ్లు ఎక్కణ్నించి వచ్చార్రా?"

1992 డిసెంబరు తర్వాత బళ్లో పక్క బెంచీ పిల్లాడు కూడా ఇదే అడిగాడు. మాకప్పుడు పన్నెండేళ్లు. ఇంటికొచ్చి అడిగితే నానీ ఏదో అరబ్బు వంశం పేరు చెప్పింది. ఎంత మురిసిపోయామో! మమ్మల్ని పరాయివాళ్లను చేసే మాటకు మేమే సాక్ష్యం చెబుతున్నామని అప్పుడు తెలీదు.

మర్నాడు అడిగినవాణ్నే వెంటబెట్టుకుని బందరు కోట వైపు వెళ్లాం. డచ్చివాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది పెద్ద రేవు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ వర్తకం మొదలుపెట్టింది. 1759లో ఫ్రెంచివాళ్ల నుంచి కోటను గుంజుకుంది. 1864 నవంబరు ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారు. అందులో వాడివాళ్లూ ఉన్నారు, మావాళ్లూ ఉన్నారు.

అట్నుంచి పెడన వెళ్లాం. కలం, కారీ రెండూ పారశీకం మాటలే. పేరు కలానిదైనా ఇక్కడి పని చెక్క అచ్చులది. కరక్కాయ, పటిక, బెల్లపు నీళ్లలో నానేసిన ఇనుము. ఈ అద్దకం గుడ్డలే 17వ శతాబ్దంలో ఓడలెక్కి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ దాకా పోయేవి. అక్కడా బందరే, ఇక్కడా బందరే. పారశీకంలో ఆ మాటకు రేవు అని అర్థం.

"అయితే మీవాళ్లు ఇరాన్ నుంచే కదరా?" అన్నాడు.

మీర్ జుమ్లా లాంటి అధికార్లు అక్కణ్నించి వచ్చినమాట నిజమే. అచ్చు వేసినవాడూ, నేసినవాడూ, ఓడకు మూట మోసినవాడూ ఈ నేలవాళ్లే. వాళ్లలో కలిమా చదివినవాళ్లే మా పెద్దలు. వచ్చింది మాటరా, మనుషులం ఇక్కడే ఉన్నాం. ఆ మాట కూడా ఇప్పుడు తెలుగే. దాన్ని నువ్వు పుట్టినప్పట్నించీ పలుకుతున్నావు.

వాడు కాసేపు మాట్లాడలేదు. "చిన్నప్పుడు ఇదెవరూ చెప్పలేదేంట్రా?" అన్నాడు చివరికి.

మాకూ చెప్పలేదు. బడి పుస్తకంలో గోల్కొండ అంటే కోట, వజ్రాలు. అద్దకంవాళ్లు లేరు, రేవు కూలీలు లేరు. ఆ ఖాళీలో వాడికి అనుమానం మొలిచింది, మాకు అరబ్బు వంశం మొలిచింది. రెండూ పీకాల్సినవే. మా వంతు మేం ఇక్కడ మొదలుపెట్టాం.