శుక్లము తీయు పరికరములు

మనుష్యుని కనుగుడ్డు అడ్డుకొలత సుమారు 24 మిల్లీమీటర్లు. దాని ముందుభాగమున అద్దమువంటి కార్నియా, దాని వెనుక కొద్దిపాటి నీరు, ఆ వెనుక మసూరపప్పు ఆకారములో కటకము ఉన్నవి. కార్నియాకును కటకమునకును మధ్య ఎడము 3 మిల్లీమీటర్ల ప్రాంతము మాత్రమే. ఈ కటకము మసకబారి వెలుతురును అడ్డగించుటయే శుక్లము. దానిని తీసివేసిన చూపు వచ్చునని చెప్పుట సులభము. అంత ఇరుకు చోట పనిచేయగల పరికరమును రూపొందించుటకు శతాబ్దములు పట్టినది.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రములో ఇందుకు వాడిన శలాక వర్ణన కలదు. ఎనిమిది అంగుళముల పొడవు, మొగ్గవంటి కొనలు, నడుమ నూలుచుట్టు. వ్రేళ్లు జారకుండుటకే కాబోలు ఆ నూలు! ఎడమ కంటికి కుడిచేతితోను, కుడి కంటికి ఎడమచేతితోను గ్రుచ్చవలెనని కూడ అందు చెప్పబడినది. అయితే ఈ పద్ధతిలో శుక్లమును బయటికి తీయరు. చూపునకు అడ్డు లేకుండ కంటి లోపలికి త్రోసివేయుదురు. వెంటనే వెలుతురు కనబడును. కాని త్రోసిన పదార్థము కంటిలోనే ఉండుటచే వాపు వచ్చి, లోపలి ఒత్తిడి పెరిగి, వచ్చిన చూపు మరల పోవుట తరచు జరిగెడిది. ఐరోపాలోను ఇదే పద్ధతి. శుక్లమనగా కటకము ముందు పేరుకొనిన పొర అని అక్కడి వైద్యుల నమ్మకము. ఫ్రాన్సులో మిషెల్ బ్రిసో 1705లో మృతుడైన ఒక సైనికుని కన్ను కోసి చూచి, మసకబారినది కటకమే అని చూపినాడు.

1747లో జాక్ డావియెల్ పారిస్ లో ఒక రోగికి సూదితో శుక్లమును త్రోయబోయి విఫలుడైనాడు. అప్పుడు కార్నియాను కోసి, కటకమును ఆ కోతగుండ బయటికి రప్పించినాడు. 1752లో రాజకీయ శస్త్రవైద్య పరిషత్తుకు తెలిపిన ఆయన పద్ధతిలోని పరికరముల వరుస గమనింపదగినది. మొదట కోసుగా ఉన్న కత్తితో కార్నియా క్రిందిభాగమున రంధ్రము. పిమ్మట మొద్దుకొన గల సన్నని కత్తితో దానిని పెద్దది చేయుట. తరువాత వంపు కత్తెరలు. కార్నియా అంచు గుండ్రము గనుక తిన్నని కత్తెర దానివెంట పోదు. కుడివైపునకు ఒకటి, ఎడమవైపునకు ఒకటి, వేరువేరు వంపులతో కావలసివచ్చినవి. ఇదంతయు మత్తుమందు లేని రోజులలో, మేలుకొనియున్న రోగి కంటిమీద జరిగెడి పని! కన్ను ఒక్కసారి అదరినచో కత్తెర ఎక్కడ తగులునో చెప్పలేము.

అందుచేత తరువాతివారు పరికరముల సంఖ్య తగ్గించ యత్నించినారు. 1753లో ఇంగ్లండులో సామ్యూల్ షార్ప్ ఒకే కత్తితో కార్నియా కోయు పద్ధతిని ప్రకటించినాడు. కాని కత్తి లోపలికి పోవుచుండగనే నీరు బయటికి కారిన, కార్నియా కుంగి, కృష్ణపటలము కత్తి అంచుమీదికి వచ్చి పడును. వియన్నాలో గియోర్గ్ యోసెఫ్ బేర్ వాడిన త్రికోణపు కత్తి ఈ చిక్కును తీర్చినది. కొనవద్ద సన్నగా, పోనుపోను వెడల్పుగా ఉండు ఆ కత్తి ముందుకు జరిగినకొలది తాను చేసిన గాయమును తానే పూడ్చుచుండును. కోత పూర్తియగువరకు నీరు నిలుచును. ఇంత సామాన్యమైన ఆకారములో ఇంత యుక్తి ఇమిడియున్నది.

అయినను కోత పెద్దదే, కుట్లు లేవు. అనేకుల గాయము విచ్చుకొని చీము పట్టెడిది. 1860ల దశకములో బెర్లిన్ నేత్రవైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె సుమారు 2 మిల్లీమీటర్ల వెడల్పు గల కత్తితో కార్నియా అంచున దాదాపు తిన్నని కోత పెట్టి, గాయము త్వరగా మానునట్లు చేసినాడు. 1884లో కార్ల్ కోలర్ కొకెయిన్ చుక్కలతో కంటిని తిమ్మిరి చేయుట కనుగొన్నతరువాత శస్త్రవైద్యునికి తొందర తగ్గినది.

కటకము మొత్తముగా బయటికి రావలెనన్న కోత 10 మిల్లీమీటర్లకు తగ్గదు. లోపలనే చిదిపి పీల్చివేసిన? న్యూయార్కు వైద్యుడు చార్లెస్ కెల్మన్ 1960ల దశకములో ఇందుకై తిరుగుడు బరమాల వంటివి ఎన్నో ప్రయత్నించి విఫలుడైనాడు. ఒకనాడు దంతవైద్యుడు అతిధ్వని సాధనముతో ఆయన పండ్ల గార తీయుచుండగా దారి తోచినది. ఆంటన్ బాంకో అను ఇంజనీరు తోడ్పడినాడు. సెకనుకు సుమారు 40,000 సార్లు కదలు బోలు సూది కటకమును నలగగొట్టును. ఆ సూది గుండనే నలిగినది బయటికి పోవును. సూది వేడెక్కి గాయము కాలకుండ చుట్టు ఒక తొడుగులో ఉప్పునీరు పారును. పీల్చిన నీటికి సరిగా లోపలికి నీరు చేరనియెడల కార్నియా కూలి సూదికి తగులును. దాని లోపలి కణములు చెడిన మరల పుట్టవు. పరికరముకంటె ఈ నీటి లెక్కయే కెల్మన్ ను ఎక్కువ వేధించినది. 1967లో మొదటి రోగికి గంటలకొలది పట్టినది.

మరొక చిక్కు మిగిలినది. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి అమర్చిన ప్లాస్టిక్ కటకము గట్టిది. దానిని పెట్టుటకు 3 మిల్లీమీటర్ల కోతను మరల రెట్టింపు చేయవలసివచ్చెడిది. 1980ల దశకములో మడవదగిన కటకములు వచ్చినతరువాతగాని చిన్న కోత చిన్నదిగా నిలువలేదు. కటకము బాగా గట్టిపడినచోట్ల, యంత్రము అందని శిబిరములలో, మన దేశములో నేటికిని అనేకులు 6 మిల్లీమీటర్ల ప్రాంతపు కోతను కంటి తెల్లగుడ్డులో ఏటవాలు సొరంగమువలె త్రవ్వి, కటకమును చిదుపకుండనే బయటికి తీయుచున్నారు. కంటిలోని ఒత్తిడియే సొరంగపు మూతను అదిమిపట్టును గనుక దీనికిని సాధారణముగా కుట్టు అక్కరలేదు.