మీటరు చూపని ఖర్చు

1951 నవంబరులో లండన్‌లోని జె. లయన్స్ అనే టీ దుకాణాల సంస్థ తాను సొంతంగా తయారు చేసుకున్న ‘లియో’ కంప్యూటర్‌కు ఒక రోజువారీ పని అప్పగించింది: బేకరీ సరుకుల విలువ కట్టడం. తర్వాత జీతాల లెక్కలూ దానికే చేరాయి. అనుభవమున్న గుమాస్తాకు 8 నిమిషాలు పట్టే ఒక ఉద్యోగి జీతం లెక్కను లియో 1.5 సెకన్లలో తేల్చేసింది. మరి ఆ 1.5 సెకన్లకు అసలు ఖర్చెంత? ఈ ప్రశ్న దశాబ్దాల పాటు యజమానులను వేధించింది.

తొలినాళ్లలో లెక్క తేలిగ్గానే కనిపించింది, ఎందుకంటే ఎక్కువ మంది కంప్యూటర్లను కొనేవారు కాదు, అద్దెకు తెచ్చుకునేవారు. 1959లో ఐబీఎం ప్రకటించిన 1401 అద్దె నెలకు 2,500 డాలర్ల నుంచి మొదలయ్యేది. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360లో వాడకాన్ని కొలిచే మీటర్లు రెండుండేవి. పక్కనే తాళంచెవితో తిప్పే స్విచ్. ఇంజినీరు మరమ్మతుకు వచ్చినప్పుడు చెవి తిప్పితే ఆ సమయం రెండో మీటరులో పడేది, వినియోగదారు లెక్కలోకి వచ్చేది కాదు.

అయితే ఆ మీటరుకు యంత్రం నడిచిన గంటలే తెలుసు. ప్రోగ్రామర్ల జీతాలు, ఆపరేటర్ల రాత్రి షిఫ్టులు, ఏసీ గది, కాగితం దానికి కనపడవు. వీటన్నిటినీ కలిపి గంటల లెక్కన విభాగాలకు పంచితే కొత్త చిక్కు వచ్చేది. నెల ఖర్చు లక్ష రూపాయలు, వాడకం 200 గంటలు అనుకుందాం. గంటకు 500 పడుతుంది. అంత పెట్టలేమని కొందరు తప్పుకుని వాడకం 100 గంటలకు దిగితే మిగిలినవారికి గంటకు 1,000 పడుతుంది. వాళ్లూ వెనకాడతారు. లక్షలు పోసి తెచ్చిన యంత్రం ఖాళీగా కూర్చుంటుంది.

సాఫ్ట్‌వేర్, శిక్షణ, ఇంజినీర్ల సాయం అప్పట్లో అద్దెలోనే కలిసి వచ్చేవి. అమెరికా ప్రభుత్వం ఐబీఎం గుత్తాధిపత్యంపై కేసు వేసిన 1969లోనే, జూన్ 23న, ఆ సంస్థ వాటిలో చాలావాటికి విడిగా ధర పెట్టింది. మనుషుల పనికి బిల్లులో సొంత వరుస దక్కింది. మన దేశంలో 1978లో ఐబీఎం వెళ్లిపోయాక దాని యంత్రాల నిర్వహణను ప్రభుత్వ సంస్థ సీఎంసీ చేపట్టింది.

పీసీలు బల్లబల్లకూ చేరాక లెక్క మళ్లీ తప్పింది. కొన్న ధరే ఖర్చని అందరూ అనుకున్నారు. 1987లో గార్ట్‌నర్ సంస్థలో బిల్ కిర్విన్ ‘టోటల్ కాస్ట్ ఆఫ్ ఓనర్‌షిప్’ లెక్కను ముందుకు తెచ్చాడు. నిర్వహణ, సాంకేతిక సాయం, పీసీ మొరాయించి ఉద్యోగి పని ఆగిన సమయం అన్నీ కలిపితే కొన్న ధర చిన్న వాటాయే అయింది. అదే కాలంలో రాబిన్ కూపర్, రాబర్ట్ కాప్లాన్ అనే అకౌంటింగ్ నిపుణులు ఇంకో దారి చూపారు: ఉమ్మడి ఖర్చును ఒకే కొలతతో అందరికీ పంచొద్దు, ఏ పని ఎంత ఖర్చుకు కారణమవుతోందో వెతికి దానికే రాయండి.

2006లో అమెజాన్ తన కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకిస్తూ మీటరును తిరిగి తెచ్చింది. సర్వర్‌కు గంటకు 10 సెంట్లు, నిల్వకు గిగాబైటుకు నెలకు 15 సెంట్లు. ధర ఇంత స్పష్టమయ్యాక కూడా ఎవరూ వాడని సర్వర్లు నెలల తరబడి నడుస్తూ బిల్లు పెంచుతూనే ఉన్నాయి. ఆ బిల్లులను అదుపు చేసే పని ‘ఫిన్‌ఆప్స్’ అనే వృత్తిగా ఎదిగి, దాని కోసం 2019లో ఫిన్‌ఆప్స్ ఫౌండేషన్ ఏర్పడింది.

ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్‌కు సంతకం పెట్టే ప్రతి అధికారీ ధర కాగితంతో పాటు మూడు వివరాలు అడగాలి: దీన్ని నడిపేదెవరు, ఆగితే ఎవరి పని ఆగుతుంది, వాడకం తగ్గాక ఆపేసేదెవరు. ఈ మూడూ లేని అంచనాను వెనక్కి పంపాలి.