కరువులో కనిపించిన ఆశ్రయం

ప్రతి నవంబరులో మా కోహీర్, జహీరాబాద్ వైపు నుంచి ఎన్నో కుటుంబాలు వికారాబాద్ దగ్గరి ధారూర్‌లో జరిగే మెథడిస్టు క్రైస్తవ జాతరకు పోతాయి. మూటాముల్లె కట్టుకుని, చెట్ల కింద గుడారాలు వేసుకుని, అక్కడే వండుకుని తిని, ప్రార్థన చేసుకుని వస్తాయి. అలా వెళ్లి వచ్చిన ఒక పిల్ల బడిలో మమ్మల్ని అడిగింది: "సార్, దేవుణ్ణి నమ్ముకుంటే కష్టాలు రావు అంటరు కదా. మరి మా పత్తి ఎందుకు ఎండిపోయింది?"

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాం. అందుకే చరిత్ర వైపు చూశాం.

బైబిలులో దేవుణ్ణి ఆశ్రయం అని పిలిచే కీర్తనలు చాలా ఉన్నాయి. వాటిలో 46వ కీర్తన అందరికీ తెలిసిందే. భూమి కదిలినా, కొండలు సముద్రంలో పడినా భయపడం అని దాని భావం. భూమి కదలదు, కొండలు పడవు అని ఆ కీర్తన ఎక్కడా అనలేదు. కష్టం వస్తుంది, కానీ ఆ కష్టంలో మనం ఒంటరి కాము అన్నదే దాని నమ్మకం. ఈ తేడాను ముందు మనం తెలుసుకోవాలి.

ఇక మన నేల సంగతి. 1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు మెదక్ జిల్లాలో కలిసింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారింది కానీ వానను నమ్ముకున్న బతుకు మారలేదు. నిజాం రాజ్యంలో 1876-78లోనూ, 1899-1900లోనూ పెద్ద కరువులు వచ్చాయి. 1918లో వానలు మొహం చాటేశాయి. అదే ఏడు ఇన్‌ఫ్లుయెంజా జ్వరం దేశంలో కోటిమందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది.

మెదక్ పెద్ద చర్చి కట్టింది ఆ రోజుల్లోనే. ఇంగ్లండు నుంచి 1895లో వచ్చిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో దాని పని మొదలుపెట్టారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. కరువులో ఉన్న జనానికి ఊరికే గంజి పోయకుండా, పని చూపించి కూలి ఇచ్చి, తిండి పెట్టి ఆ గుడి కట్టించారని ఈ ప్రాంతంలో ఈనాటికీ చెప్పుకుంటారు. రాళ్లు మోసినవాళ్లకు ఆశ్రయం అంటే ముందు ఆ పూట మెతుకే. గుడి లేచేసరికి వాళ్ల ప్రాణాలు కూడా నిలిచాయి.

"గంజి కోసం మతం మారారు" అని ఎగతాళి చేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మా జవాబు ఇది. ఆకలితో ఉన్నవాడు అన్నం పెట్టిన చేతిని నమ్మడం సిగ్గుపడే పని కాదు. ఆ రోజుల్లో క్రీస్తును నమ్మినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్లు. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని కాలంలో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకున్న చోటు వాళ్లకు ఆశ్రయమైంది. కరువు పోయింది. వాళ్ల మనవలూ మునిమనవలూ ఆ నమ్మకంలోనే ఉన్నారు.

నిజామాబాద్ వైపు డిచ్‌పల్లిలో ఇంకో ఆశ్రయం వెలిసింది. కుష్ఠు వచ్చినవాళ్లను ఊళ్లు వెలివేస్తున్న రోజుల్లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ అక్కడ ఆసుపత్రి పెట్టారు. దానికి సాయం చేసిన రాజా నర్సాగౌడ్ హిందువు. చాల్‌మూగ్రా జాతి చెట్ల గింజల నూనెతో వైద్యం చేసేవారు. అడవి చెట్టు మందయింది. ప్రార్థన చేసిన చేతులే సూది కూడా వేశాయి. జ్వరం వస్తే ఆసుపత్రికి పోవద్దు, ప్రార్థన ఒక్కటే చాలు అని ఎవరైనా చెబితే ఈ చరిత్రను గుర్తు చేయండి.

మన ఆదివాసుల సంగతికి వస్తే, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 1860 ప్రాంతంలో కోయల మధ్య మిషన్ పని మొదలైంది. నదిలో పడవల దారి కోసం పనులు చేయిస్తున్న ఇంజనీరు హేగ్ దానికి పూనుకున్నారు. ఆ తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయ మాటలనూ ఆచారాలనూ రాసిపెట్టారు. అది మేలే. కానీ అది బయటివారి కంటితో రాసినది. అందులో మన పెద్దల గొంతు తక్కువ. 1912లో బిషప్పయిన అజరయ్య మాత్రం దోర్నకల్‌లో కట్టించిన చర్చికి గుడి పోకడలూ మసీదు పోకడలూ కలిపారు. 1939లో దానికి ప్రతిష్ఠ జరిగింది. కొత్త నమ్మకం రావాలంటే మన నేల రూపాన్ని చెరిపెయ్యనక్కర లేదని ఆ కట్టడమే చెబుతుంది.

ఇది మన యువకులకు ముఖ్యం. చర్చికి పోయేవాళ్లు ఇంటి భాషను, పాటను, పెద్దల పేర్లను వదులుకోనక్కర లేదు. సమ్మక్క సారలమ్మలను, సేవాలాల్‌ను తలచుకుని ధైర్యం తెచ్చుకునేవాళ్లను తక్కువగా చూడనక్కరా లేదు. కష్టంలో తల దాచుకునే చోటు వెతుక్కోవడం అందరికీ ఒకటే. ఒకే గూడెంలో, ఒకే తండాలో రెండు నమ్మకాలున్నా కరువు వస్తే అందరి పొయ్యీ ఒకేసారి ఆరుతుంది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ ఊళ్లోని ముసలివాళ్లను పిల్లల చేత అడిగించండి. కరువులో ఏం తిన్నారు? ఏ దుంప తవ్వుకున్నారు? ఎవరి గుమ్మం తొక్కారు? ఎవరికి మొక్కారు? ఎవరు లోపలికి రమ్మన్నారు? ఆ జవాబులు రాసి పెట్టండి. మన ఆశ్రయాల చరిత్రను మనమే రాసుకోవాలి.

ఇక ఆ పిల్లకు మేము ఇట్లా చెప్పాం: "అమ్మా, నమ్మినవాళ్ల పత్తి కూడా ఎండుతుంది. అయితే దేవుడు ఆశ్రయం అని నమ్మినవాళ్లు పక్కింటి పత్తి ఎండితే చూస్తూ ఊరుకోకూడదు. మెదక్‌లోనూ డిచ్‌పల్లిలోనూ జనానికి దేవుడు కనిపించింది అట్లాగే."