పగవారి బిడ్డలు కూడి వాయించిన వాద్యబృందము



మన కాళిదాస మహాకవి శాకుంతలము 1789లో ఆంగ్లమునకును, 1791లో జర్మను భాషకును పరివర్తన మొందెను. దానిని చదివి పరవశించినవారిలో వయిమారు నగరవాసియైన గోథే మహాకవి యగ్రగణ్యుడు. తన ఫౌస్టు నాటకమునకు ముందొక ప్రస్తావన చేర్చుటకు మన నాటకమే ప్రేరణమని పండితులు చెప్పుదురు. ఆయనయే వార్ధక్యమున పారసీక కవి హాఫిజు గీతములకు మనసిచ్చి, 1819లో ప్రాక్పశ్చిమ దివాను అను గ్రంథమును వెలయించెను. దివానన నిచ్చట కవితాసంపుటి యని యర్థము. ఆ పేరునే ధరించిన యొక యువ వాద్యబృందము యొక్క చరిత్రమును నేడు మీకు విన్నవించెదను.

1999వ సంవత్సరమునకు గోథే జన్మించి 250 ఏండ్లు నిండెను. ఆ వేసవిలో ఇద్దరు మిత్రులు వయిమారునందు యువ సంగీత విద్యార్థులను సమావేశపఱచిరి. మొదటివాడు డానియెల్ బారెన్‌బోయిం. ఇతడు 1942లో అర్జెంటీనా దేశమున యూదు కుటుంబమునందు పుట్టి, 1952లో ఇస్రాయేలు చేరెను. పియానో విద్వాంసుడు, వాద్యబృంద నాయకుడు. రెండవవాడు ఎడ్వర్డు సయీదు. 1935లో యెరూషలేమున జన్మించిన పాలస్తీనా అరబ్బు, అమెరికాలో సాహిత్యాచార్యుడు. వీరి జాతుల నడుమ 1948 మొదలు యుద్ధములే యుద్ధములు. వచ్చిన విద్యార్థులలో ఇస్రాయేలువారును, సిరియా, లెబనాను, ఈజిప్టు మున్నగు అరబ్బు దేశములవారును, కొందఱు జర్మనులును ఉండిరి.

ఇట్టి బృందము మన కచేరీ వంటిది కాదు. మనకు గాయకుడు తానే పాడుచు నడిపించును. ఫిడేలు, మృదంగము వెంట నడచును. అచ్చట పదుల కొలది ఫిడేళ్లు, పిల్లనగ్రోవులు, బాకాలు, భేరులు ఏకకాలమున మ్రోగును. నాయకుడు, అనగా కండక్టరు, చిన్న పుల్ల చేతబట్టి యెదుట నిలుచును. అంతటివాడును ఒక్క స్వరమైనను తాను పలికింపడు. ధ్వని యంతయు శిష్యులదే. ఆయన సొత్తు కేవలము కాలము, దృష్టి, అభిప్రాయము మాత్రమే. పిల్లలు ఒకరినొకరు వినకున్నచో ఆ పుల్ల వట్టి పుల్లయే.

కమాను వాద్యములు వాయించువారు ఇద్దరిద్దరుగా ఒకే పుస్తకపు బల్లయెదుట కూర్చుందురు. ఒకనాడు సిరియా బాలుడును ఇస్రాయేలు బాలుడును ఒక బల్లకడ కూడిరి. ఇరువురకు ఒకే స్వరము, ఒకే బలము, కమానుకు ఒకే పోక కుదురవలెను. వారి ప్రభుత్వముల నడుమ నాడు దౌత్యసంబంధములు లేవు. వీరికి మాత్రము ఒకరి యూపిరి నొకరు కనిపెట్టక గతి లేదు. బారెన్‌బోయిం దీనినే తఱచుగా చెప్పుచుండెను. పగలు సాధన, సాయంకాలము సయీదు ఎదుట చర్చ. అచ్చట వాదములు వేడెక్కెను గాని మఱునాడు మరల అదే బల్లయొద్ద కూర్చుండవలసి వచ్చెను.

వయిమారునకు చేరువనే బూహెన్వాల్డు కలదు. నాజీల నిర్బంధశిబిరము 1937 నుండి 1945 వఱకు అచ్చట నడచెను. సుమారు 56,000 మంది ప్రాణములు గోల్పోయిరి. గోథే విహరించిన కొండమీదనే ఆ ఘోరము జరిగెను. ఆ పిల్లలందఱును కలసి ఆ స్థలమును దర్శించిరి.

2002 నుండి స్పెయినులోని సెవీలు నగరము బృందమునకు నెలవయ్యెను. 2003లో సయీదు పరమపదించెను. 2005 ఆగస్టులో బృందము పాలస్తీనాలోని రామల్లా నగరమున బెథోవెను అయిదవ సింఫొనీ వాయించెను. ఇస్రాయేలు పౌరులకు అచ్చటికి పోవుటకు వారి చట్టమే యడ్డు. సిరియా, లెబనానువారికి ఇస్రాయేలు దాటుట యసాధ్యము. స్పెయిను ప్రభుత్వము దౌత్యాధికారుల కిచ్చు పాసుపోర్టులను అందఱకు నిచ్చి దారి కల్పించెను. 2016లో బెర్లినునందు వీరిరువురి పేర నొక విద్యాలయము వెలసెను. అచ్చట సంగీతముతోపాటు తత్త్వశాస్త్రము, సాహిత్యము నేర్పుదురు.

దీనివలన యుద్ధము నిలిచెనా యని మీరడుగవచ్చును. నిలువలేదు. 2006లో లెబనాను యుద్ధమైనప్పుడు కొందఱు అరబ్బు విద్యార్థులు రాలేకపోయిరి. 2023 అక్టోబరు నుండి మరల మహామారణము జరిగెను. ఉభయపక్షములందును ఈ బృందమును నిందించినవారు కలరు: ఒకరికిది ద్రోహము, వేఱొకరికిది అన్యాయమును కప్పిపుచ్చు మేలిముసుగు. బారెన్‌బోయిం సయితము దీనిని శాంతిసాధనమని చెప్పుకొనలేదు. ఎదుటివానిని గూర్చిన అజ్ఞానముపై తిరుగుబాటని మాత్రమే చెప్పెను.

నేను తర్కము చదివినవాడను. మా గురువులు సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షము చెప్పించెడివారు. ప్రతివాది విని, నా మాట ఇదియే యని తలయూపునట్లు చెప్పగలిగిననాడే మన సిద్ధాంతమునకు విలువ. ఆ యువకులు కమానుతో నేర్చినది ఈ పూర్వపక్షమే. అది యుద్ధమును ఆపజాలదు. కాని అది లేక కుదిరిన సంధి యేదియు నిలువదు.

రచ్చబండపై తగవు తీర్చు పెద్దలు ఈ సంగతి నెఱుగనివారు కారు. ఇరువాగులను వినక తీర్పు చెప్పిన యూరిలో తగవు మఱుసటి తరమునకు సంక్రమించును. రెండు వాడల పిల్లలను ఒక భజనమేళములో కూర్చుండబెట్టి, ఒకని తాళమునకు వేఱొకడు పాడునట్లు చేయుట మనకును అసాధ్యము కాదు.