అప్పీయా మార్గము వేసిన వంశము

అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో అప్పీయా సంతపేట అను ఊరిపేరు మనము చదువుచుందుము. ఆ పేరు ఎక్కడిదని మనలో అనేకులము విచారించి యుండము. అది రోమా కులీనులైన క్లౌదియ వంశమువారినుండి వచ్చినది.

ఈ వంశమువారు మొదట రోమీయులు కారు. క్రీ.పూ. 504లో సబీనుల నాయకుడైన అత్తుస్ క్లౌసుస్, రోమాతో యుద్ధము వద్దనినందున స్వజనులతో విరోధము వచ్చి, తన ఆశ్రితులతో కూడ రోమాకు వలస వచ్చెనని చరిత్రకారుడైన లివీ వ్రాసెను. రోమీయులు వారికి పౌరసత్వమును, అనియో నది కావల భూములను ఇచ్చి, అతనిని పెట్రీషియనులు అనబడు కులీన వర్గములో చేర్చుకొనిరి. అతడే మొదటి అప్పియస్ క్లౌదియస్.

ఆశ్రయము పొందినవారు ఇతరులకు ఆశ్రయము కావలెను గదా! కాని ఈ వంశము సామాన్య ప్రజలను అణచుటలో పేరుమోసెను. క్రీ.పూ. 451లో చట్టములు వ్రాయుటకు నియమింపబడిన పదిమందిలో ఒక అప్పియస్ ఉండెను. అతడు వెర్జీనియ అను సామాన్యుని కుమార్తెను ఆశించి, ఆమె దాసియని తానే తీర్పు చెప్పెననియు, వేరు దారిలేక తండ్రియే ఆమెను చంపెననియు కథ కలదు. ప్రజలు తిరుగబడగా ఆ పదిమంది అధికారము కూలెను.

మరియొక అప్పియస్ క్రీ.పూ. 312లో సెన్సారు అను అధికారియై, రోమానుండి కపువ వరకు బాట వేయించెను. ఇంచుమించు 16 కిలోమీటర్ల కాలువ త్రవ్వించి నగరమునకు నీరు తెచ్చెను. వృద్ధాప్యమున కన్నులు పోయినను సెనేటుకు వచ్చి, పిర్రుస్ రాజుతో సంధి కూడదని వాదించి నెగ్గెను.

క్రీ.శ. 48లో క్లౌదియ చక్రవర్తి, గాలు దేశపు ప్రముఖులను సెనేటులో చేర్చుకొనవలెనని కోరుచు, తన మూలపురుషుడును పరదేశియేనని సభకు జ్ఞాపకము చేసెను. అయినను ఆ చక్రవర్తియే యూదులను రోమానుండి వెళ్లగొట్టెను. అకుల, ప్రిస్కిల్ల కొరింథు చేరినది అందుచేతనే.

క్రీ.శ. 68లో నీరో మరణముతో ఈ వంశపు ఏలుబడి ముగిసెను. బాట మాత్రము మిగిలెను. సేనల కొరకు వేసిన ఆ బాటమీదనే ఖైదీయైన పౌలు రోమాకు నడిచెను. సహోదరులు అక్కడికే ఎదురేగి, అతని మనస్సు కుదుటపరచిరి. ఆ రాళ్లు నేటికిని రోమా వెలుపల కనబడుచున్నవి.

మన పితరులకును ఎవరో ఒకరు తలుపు తీసినవారే. క్రొత్తగా వచ్చినవారికి మనము ఎదురేగుదుమా, తలుపు మూయుదుమా?