మూగతెరపై గంగ, మత్స్యగంధి

భీష్ముని కథ అనగానే మనకు ఆయన త్యాగమే స్ఫురించును. యమునాతీరమున షరతు విధించిన దాశరాజు స్ఫురించడు. బందరున 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మదరాసున 1921లో తమ మూగచిత్రమునకు ఈ కథనే ఎన్నుకొనిరి. చిత్రము పేరు 'భీష్మ ప్రతిజ్ఞ'.

దాని ప్రతి మిగులలేదు. మిగిలిన వార్తలలో మేము విడువలేనిది ఒకటి కలదు: గంగ వేషము ధరించినది పెగ్గీ కాస్టెల్లో అను దొరసాని. 1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీసినప్పుడు తారామతిగా పురుషుడే నటించవలసివచ్చెను. కులస్త్రీ కెమేరా ముందు నిలుచుట అప్రతిష్ఠ యని తలచిన కాలమది. దొరసాని గంగామాత యగుటకు మాత్రము ఆటంకము లేకపోయినది. చిత్రము మూగది, ఆమె ఉచ్చారణ ఎవరికిని వినబడలేదు గదా!

కథలోని పట్టింపు ఇంతకన్న లోతైనది. సత్యవతి జాలరి యింట పెరిగినది. ఆమె మేని చేపల వాసన పరాశరుని వరమున పరిమళముగా మారిన పిదపనే శంతనుడు ఆమెను వెదకికొనుచు వచ్చెను. బందరు గిలకలదిండి రేవునను, దివిసీమ పల్లెలలోను వలలు ఆరవేయువారికి ఈ ఘట్టము ఎట్లు తోచునో యని మేము పలుమారు తలపోసితిమి. దాశరాజు అడిగినది ధనము కాదు, తన కుమార్తె బిడ్డకు రాజ్యము. దేవవ్రతుడు రాజ్యము వదలుకొన్నను ఆయనకు నమ్మకము కుదరలేదు. రేపు అతనికి పుట్టబోవు కుమారుల మాటేమని అడిగెను. జాలరి మనుమని సింహాసనముపై ఎవరు కూర్చుండనిత్తురని ఆ తండ్రి శంక. దీనిని దురాశ యనువారు కలరు. మేము అట్లనజాలము.

1938లో కృష్ణా జిల్లా వాడే యగు గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీసెను. కథానాయిక దళిత కన్య, ప్రియుడు బ్రాహ్మణ యువకుడు. అది మాటలాడు చిత్రము.