ఎర్రధూళి, ఇప్పనూనె

విశాఖపట్నంలో కిరండూల్ పాసింజరు ఎక్కేవాళ్లలో ఎక్కువమంది అరకులోనే దిగిపోతారు. సొరంగాలూ లోయలూ చూసేశాక ఇక ఆ బండితో వాళ్లకి పనిలేదు. దిగకుండా కూర్చున్నవాళ్లని అది కోరాపుట్, జైపూర్ మీదుగా బస్తర్‌లోకి తీసుకుపోతుంది. జగదల్‌పూర్, దంతెవాడ, భాన్సీ దాటి బచేలీ దగ్గరపడేసరికి కిటికీ చువ్వల మీద, సీటు అంచుల మీద, పక్కనున్నాయన చొక్కా కాలరు మీద అంతటా ఒకటే రంగు. కిరండూల్‌లో దిగి తెల్ల రుమాలు తడిపి మెడ వెనక ఒకసారి తుడుచుకోండి. ఇటుకపొడి రుద్దినట్టు ఎర్రటి చార పడుతుంది. చెవి వెనక, మోచేతి మడతలో, గోళ్ల సందుల్లో కూడా అదే. రెండుసార్లు ఉతికినా రుమాలుకి ఆ ఛాయ వదలదు.

ఒక్కరోజు ప్రయాణానికే ఇంత. ఆ ఇనుపగనుల ధూళిలోనే పుట్టి పెరిగినవాళ్ల ఒంటి సంగతేమిటి? గనుల చరిత్ర రాసేటప్పుడు టన్నుల లెక్క ముందుకొస్తుంది, చర్మం వెనక్కిపోతుంది. ఈ వ్యాసంలో చర్మాన్నే ముందు పెడుతున్నాను.

ఆ గనులున్న కొండల పేరు బైలాడిలా. బైలాడిలా అంటే ఎద్దు మూపురం. దూరం నుంచి కొండల వరస అలాగే కనబడుతుంది. 1930ల్లో భూగర్భ సర్వేకి చెందిన క్రూక్‌శాంక్ ఈ కొండలన్నీ తిరిగి, ఇనుప నిక్షేపాలకి 1 నుంచి 14 దాకా అంకెలు వేశాడు. ఇప్పటికీ అక్కడ గనిని పేరుతో కాదు, అంకెతోనే పిలుస్తారు. 1958లో ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ ఏర్పడింది. 1960లో జపాన్ ఉక్కు మిల్లులతో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికే తూర్పు కనుమలు తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. దాని పొడవు సుమారు 450 కిలోమీటర్లు. 1968లో కిరండూల్‌లో పద్నాలుగో నిక్షేపం, 1977లో బచేలీలో అయిదో నిక్షేపం పని మొదలుపెట్టాయి. మనం సరదాగా అరకు వెళ్లే పట్టాలు ఆ ఎర్రరాయి కోసం పుట్టినవి. ఖనిజం దిగే రేవు పక్కన, విశాఖ పాతపట్నంలో, మేడ మీద ఆరేసిన బట్టలు దులిపి మరీ తీసేవాళ్లకి ఈ ధూళి గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు.

అంతకుముందు బస్తర్‌కి ఇనుము తెలియదని కాదు. మధ్య భారతంలో ఇనుము కరిగించే అగరియా తెగ మీద మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పుస్తకమే రాశాడు. కొండగావ్ కమ్మరుల ఇనుప బొమ్మలు ఇవాళ్టికీ ప్రసిద్ధి. కానీ పాత కొలిమి చిన్నది. చేతులతో తవ్వినంత రాయి, అడవి ఇచ్చినంత బొగ్గు, కాలితో తొక్కిన తిత్తులు. దాని మసి ఆ గుడిసె చుట్టూనే ఉండేది. మందుగుండు పెట్టి కొండని పేల్చి, డంపర్లకెత్తి, క్రషర్లలో నలిపి, కన్వేయర్ల మీద దొర్లించి, వ్యాగన్లలో నింపే పని వేరు. ప్రతి మజిలీలోనూ కొంత గాలిలో కలుస్తుంది.

ఆ రాయి హెమటైట్. గడ్డగా ఉన్నప్పుడు ఉక్కులా బూడిదరంగులో మెరుస్తుంది. నలిపితే నెత్తురెరుపు. గ్రీకులో నెత్తుటికి ఉన్న మాట నుంచే దానికా పేరు వచ్చింది. మన జేగురు కూడా దాని చుట్టమే. నమీబియాలో హింబా స్త్రీలు ఇలాంటి ఎర్రమన్నునే వెన్నలో కలిపి ఒళ్లంతా పూసుకుంటారు. ఎండకి అదే వాళ్లకి అడ్డు. ఇవాళ మంగుమచ్చలకి చర్మ వైద్యులు రాసే రంగు సన్‌స్క్రీన్లలోనూ ఐరన్ ఆక్సైడే ఉంటుంది. మామూలు సన్‌స్క్రీన్ ఆపలేని కంటికి కనిపించే వెలుతురుని అది ఆపుతుంది. మరి కిరండూల్ ధూళి చర్మానికి మంచిదే కదా అనుకుంటే పొరపాటు. సన్‌స్క్రీన్‌లోది శుద్ధిచేసి, కొలిచి, మెత్తటి లేపనంలో కలిపిన పొడి. గనిది గరుకు పొడి. అందులో రాతి రేణువులుంటాయి, డీజిలు మసి ఉంటుంది. అది చెమటతో కలిసి కాలరు కింద, నడుము పట్టీ కింద, చంకల్లో చేరి, కదిలినప్పుడల్లా ఉప్పుకాగితంలా రుద్దుతుంది. మొదట దురద, తర్వాత గోకుళ్లు, ఆ గోకిన చోట పుండు.

చర్మం పైపొరని గోడ అనుకోండి. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వులు సున్నం. ఆ సున్నం గట్టిగా ఉన్నంతకాలం దుమ్ము పైనే ఉంటుంది. దుమ్ము వదలాలని బట్టల సబ్బుతో, పీచుతో కసికొద్దీ రుద్దితే ముందు పోయేది ఆ సున్నమే. అప్పుడు లోపలి తడి బయటికి, బయటి మలినం లోపలికి. మసిలో ఉండే కొన్ని రసాయనాలు కొవ్వులో కరుగుతాయి కాబట్టి వాటికి దారి ఇంకా సులువు. అవి కణాల్ని రెచ్చగొట్టి వాపు తెస్తాయి, రంగు పెంచుతాయి.

2010లో జర్మనీ పరిశోధకులు 70 నుంచి 80 ఏళ్ల వయసున్న 400 మంది స్త్రీల ముఖాలు పరిశీలించి ఒక అధ్యయనం ప్రకటించారు. వాళ్లలో కొందరు బొగ్గు, ఉక్కు పరిశ్రమలకి పేరుపడ్డ రూర్ ప్రాంతం వాళ్లు. వాహనాల మసి ఎక్కువగా తగిలినవాళ్లకి నుదుటి మీద, బుగ్గల మీద మచ్చలు సుమారు 20 శాతం ఎక్కువున్నాయి. తెల్లతోలు మీది లెక్కని ఉన్నదున్నట్టు మన చర్మానికి అంటించలేం. కానీ మంగు తొందరగా పట్టే చర్మం మనది.

మసికీ చర్మానికీ ఉన్న పగ ఇంకా పాతది. 1775లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్, చిన్నప్పటినుంచి పొగగొట్టాల్లోకి దూరి శుభ్రం చేసే కుర్రాళ్లకి పెద్దయ్యాక వృషణాల సంచి చర్మం మీద క్యాన్సర్ రావడం గమనించాడు. మడతల్లో ఇరుక్కున్న మసే కారణమన్నాడు. పని వల్ల క్యాన్సర్ వస్తుందని వైద్యం గుర్తించడం అదే మొదలు. నూరేళ్లు దాటాక, 1892లో హెన్రీ బట్లిన్ ఇంకో ప్రశ్న వేసుకున్నాడు. అదే పని చేసే జర్మనీ తదితర దేశాల వాళ్లకి ఈ జబ్బు ఎందుకంత తక్కువ? వెళ్లి చూస్తే వాళ్లు ఒంటికి అంటుకునే నిండు దుస్తులు వేసుకుంటున్నారు, పని కాగానే ఒళ్లు కడుక్కుంటున్నారు. ఏ లేపనమూ కాదు, బట్టా నీళ్లూ కాపాడాయి. ఆ మసిలో ఉండే బెంజోపైరీన్ అనే క్యాన్సర్ కారక రసాయనానికి మన దేశం 2009లో ప్రకటించిన గాలి ప్రమాణాల్లో హద్దు ఉంది. ఏడాది సగటున ఘనపు మీటరుకి 1 నానోగ్రాము దాటకూడదు. గాలిలోని సన్నధూళి పీఎం 10కి ఆ హద్దు 60 మైక్రోగ్రాములు, ఇంకా సన్నటి పీఎం 2.5కి 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దుల్ని 15కీ 5కీ దించింది.

బస్తర్ పల్లెల్లో మసి గని నుంచే రాదు, పొయ్యిలోంచీ వస్తుంది. గాలాడని వంటగదిలో కట్టెపొయ్యి ముందు గంటలకొద్దీ కూర్చునే ఆడవాళ్ల ముఖం పొగచూరిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింది ఆకులు తగలబెట్టే అలవాటు కూడా ఉంది. ఇప్పుడు కొన్నిచోట్ల చెట్టు కింద వలలు కడుతున్నారు. పూలు మట్టి అంటకుండా దొరుకుతాయి, పొగా ఉండదు. నాకైతే ఖరీదైన ఏ ముఖలేపనం కన్నా ఆ వలే గొప్పదనిపిస్తుంది.

ఇప్పచెట్టు పూవుతో ఆగదు. పూవు తర్వాత కాయ, కాయలో గింజ. అక్కడ గింజని టోరా అంటారు. ఎండబెట్టి, పెంకు కొట్టి, లోపలి పలుకుల్ని దంచి, ఆవిరికి పెట్టి, వేడి తగ్గకముందే బుట్టలో కూరి రెండు దుంగల మధ్య నొక్కుతారు. దుంగ మీద మనుషుల బరువు పడేకొద్దీ పసుపుపచ్చ నూనె సన్నని ధారగా కిందికి జారుతుంది. వంటకి అదే, దీపానికి అదే, తలకీ ఒంటికీ అదే. కాళ్ల పగుళ్లకి, పసిపిల్లల ఒంటికి, పొలం నుంచి వచ్చిన చేతులకి అదే. భద్రాచలం మన్యంలోనూ ఇప్పనూనె తెలియని ఇల్లుండదు.

ఇప్పనూనె ధూళిని ఆపదు. పనికి పోయేముందు జిడ్డుగా రాసుకుంటే దుమ్ము ఇంకా అంటుకుంటుంది. దాని పని స్నానం తర్వాత. గోరువెచ్చని నీళ్లతో దుమ్ముని ముందు రుద్దకుండా పారేలా కడిగి, ఘాటులేని సబ్బో పెసరపిండో వాడి, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే పల్చగా రాయాలి. గోడలో ఊడిన సున్నం స్థానంలో కొంత పూత పడుతుంది. మొటిమల ముఖానికి మాత్రం వద్దు. మసి పట్టిన చేతులకి నూనె రాసి వెంటనే తుడిచేస్తే మసి దానితోపాటు వస్తుంది. మన తలంటులో నూనె తర్వాత నలుగు పెట్టేది కూడా ఇందుకే. నిండు చేతుల నూలు చొక్కా వేసుకోవాలి. పని బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. నెల దాటినా మానని పుండుంటే నూనెతో సరిపెట్టుకోకుండా డాక్టరుకి చూపించాలి.

ఇదంతా చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పదు. కడుక్కోమంటే నీళ్లు కావాలి కదా. దంతెవాడలో శంఖిని, డంకిని ఏర్లు కలిసేచోట దంతేశ్వరి గుడి ఉంది. ఆ శంఖిని నీళ్లే గనుల మెత్తటి పొడి కొట్టుకొచ్చి దశాబ్దాలపాటు ఎర్రగా పారాయి. తర్వాత చెక్‌డ్యాములు కట్టారు. కానీ ఏటి ఒడ్డు ఊళ్లవాళ్లకి స్నానానికి మంచినీళ్లు అన్నది దానితో తీరిపోయే సంగతి కాదు. బొగ్గుగనుల ముఖద్వారం దగ్గర కార్మికులకి స్నానపు గదులుండాలని మన దేశంలో 1959లోనే నియమాలు చేశారు. సింగరేణి కుటుంబాలకి ఆ పిట్‌హెడ్ బాత్‌ల విలువ తెలుసు. షిఫ్టు దిగినవాడు ధూళిని గని దగ్గరే వదిలి ఇంటికి రావాలి. ఇనుపగని కూలీకి, లోడింగులో కాంట్రాక్టు పనివాడికి, దారి పక్క పల్లెకి కూడా అది దక్కాలి. వ్యాగన్ మీద కప్పు, రోడ్డు మీద నీళ్లు, కన్వేయరుకి మూత ఉండాలి. ఇవన్నీ ఉన్న రోజున సీసాలోని నూనె చాలాకాలం వస్తుంది.

చలికాలంలో బస్తర్ సంతలో ఇప్పనూనె సీసాలు నెయ్యిలా పేరుకుని ఉంటాయి. అమ్మే ఆవిడ వాటిని ఎండ తగిలేవైపు జరిపి పెడుతుంది. కొన్నవాళ్లు అక్కడే పుల్లతో కొంచెం తీసి, అరచేతుల మధ్య కరిగేదాకా రుద్ది, ముందు వెంట వచ్చిన పిల్ల బుగ్గలకి రాస్తారు. చేతికి మిగిలింది తమ మడమలకి.